నూటికి నూరు వచ్చే బడి పక్కన ఇల్లు

దోహాలో నేను ఇళ్లు చూపించే ఉద్యోగం చేశాను. బ్రోకర్ని మాత్రం కాను, ముందే చెబుతున్నాను. ఒక పెద్ద కన్‌స్ట్రక్షన్ కంపెనీలో హౌసింగ్ సెక్షన్ నాది. కొత్తగా చేరినవాళ్లలో కుటుంబాన్ని తెచ్చుకునే అర్హత ఉన్నవాళ్లకి ఫ్లాటో, విల్లాలో ఒక పోర్షనో చూపించి, వాళ్లు సరేనంటే కంపెనీ పేరున అద్దెకు తీసుకుని తాళాలు చేతిలో పెట్టాలి. ఖాళీ చేసి పోయేటప్పుడు గోడలూ పంపులూ పొయ్యీ చూసుకుని అవే తాళాలు వెనక్కి పుచ్చుకోవాలి. రిటైరై గుంటూరు వచ్చేశాక "అక్కడేం చేసేవారండీ" అని ఎవరైనా అడిగితే, "తాళాలు ఇచ్చిపుచ్చుకునేదాన్ని" అంటాను. నవ్వుతారు. నిజానికి అందులో నవ్వడానికేం లేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా తోటికోడలి కోడలు మొన్న ఫోన్ చేసింది. మొగుడూ పెళ్లాలిద్దరూ హైదరాబాదులో ఇల్లు కొనడానికి చూస్తున్నారట. ఫోన్లో ఏదో యాప్ ఉందట, అందులో బళ్లకి మార్కులుంటాయట. ముందు బడి ఎంచుకుని, దాని చుట్టూ ఎంత దూరంలో ఇళ్లున్నాయో చూసుకుంటున్నారట. "మీరు ఇళ్ల పనే చేశారుగా అత్తయ్యా, మా పద్ధతి ఎలా ఉందో చెప్పండి" అంది. పద్ధతి బాగానే ఉందమ్మా అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం మనసు మనసులో లేదు. మీ ఈడు పిల్లలు చాలామంది ఇదే పద్ధతిలో ఉన్నారు కాబట్టి, నేను తాళాలు ఇచ్చి, రెండేళ్లయినా తిరక్కుండా వెనక్కి పుచ్చుకున్న ఒక ఇంటి సంగతి మీకు చెబుతాను.

మన ఊళ్లలో ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు నీళ్లొస్తాయా, వాకిలి తూర్పేనా అని అడుగుతారు. దోహాలో మనవాళ్లు గుమ్మం తొక్కకముందే స్కూలు బస్సు ఇక్కడికొస్తుందా అని అడుగుతారు. తప్పులేదు. అక్కడ మన సిలబస్ చెప్పే బళ్లు తక్కువ, సీట్లు ఇంకా తక్కువ. పిల్లాడికి సీటు దొరక్కపోతే వీసా ఉన్నా, ఇల్లు ఉన్నా, తల్లీపిల్లాడూ విమానమెక్కి వెనక్కి పోవాల్సిందే. మొగుడు బ్యాచిలర్ రూములో పడాల్సిందే. అందుకని ముందు బడి, తర్వాత ఇల్లు.

నన్ను ఇళ్లకి తిప్పే కంపెనీ డ్రైవరు జగిత్యాల వైపు మనిషి. వయసులో చిన్నవాడు కాబట్టి తమ్ముడూ అని పిలిచేదాన్ని. వాళ్లమ్మకి మాత్రం ఎన్నేళ్లు చెప్పినా కొడుకు దుబాయ్‌లోనే ఉన్నాడు. "ఖతర్ అంటే ఆమెకు మనసున వట్టదు మేడం" అనేవాడు. వాడికో పిచ్చి ఉండేది. వచ్చినావిడ వంటింటి వంక ఎంతసేపు చూసిందో చూసి, ఈ ఇల్లు తీసుకుంటారో లేదో జోస్యం చెప్పేవాడు. నాకు తెలిసి ఒక్కసారీ నిజం కాలేదు. అయినా మానేవాడు కాదు.

ఆ కుటుంబం కాకినాడ వాళ్లు. ఆయన మా కంపెనీ ప్రీకాస్ట్ యార్డులో క్వాలిటీ ఇంజినీరు. అంటే సిమెంటు శ్లాబులు పోసే చోట పగులున్నదాన్ని, వంకరున్నదాన్ని సైటుకి పోకుండా అక్కడే పక్కన పెట్టించడం ఆయన పని. మనిషి నెమ్మది, మాట మర్యాద. కానీ లెక్క లేనిదే అడుగు వెయ్యడు. భార్య ఊళ్లో టీచరుగా చేసి మానేసి వచ్చింది. ఒక్కడే కొడుకు, అప్పుడు ఎనిమిదో తరగతి.

ఇళ్లు చూడ్డానికి ఆయన లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. వ్యాను వెనక సీట్లో అది తెరిచి నాకు చూపించాడు. దోహాలో మన బళ్లన్నీ ఒక వరస, పదో తరగతి ఫలితాలు, తనిఖీల్లో వచ్చిన గ్రేడు, ఒక టీచరుకి ఎంతమంది పిల్లలు, బస్సు ఎంతసేపు తిప్పుతుంది. ఇంత ఓపిగ్గా మా సెక్షన్లో ఎవరం చెయ్యలేదు. అన్నింటికంటే పైన ఒక బడి ఉంది. ఏటా పదిలో నూటికి నూరు పాస్. ఆ బడి ఊరి అవతలి చివర, మెసైమీర్ వైపు.

నేను ముందు మదీనత్ ఖలీఫాలో ఒక విల్లా పోర్షన్ చూపించాను. ఆయన యార్డుకి దగ్గర, రెండు గదులు, ముందు కాస్త ఖాళీ జాగా కూడా ఉంది. దానికి దగ్గర్లో ఇంకో బడి, మధ్యాహ్నం షిఫ్టుది. ఫలితాలు అంతంత మాత్రం. కానీ అక్కడ చదువుకున్న మా స్టాఫ్ పిల్లలెవరూ ఏడుస్తూ బస్సెక్కడం నేను చూడలేదు. ఆవిడ వంటింట్లోకి వెళ్లి అక్కడే నిలబడిపోయింది. తమ్ముడు నా చెవిలో "ఇది పక్కా మేడం" అన్నాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఆవిడ బయటికొచ్చి నన్ను పక్కకి పిలిచింది. "అక్కా, ఆ పెద్ద బళ్లో నెమ్మదిగా చదివే పిల్లల్ని ఎలా చూస్తారండీ?" అని అడిగింది.

"మీవాడు నెమ్మదా?"

"కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందని ఎవరికీ చెప్పంగానీ, వాడికి చదవడం కష్టమండీ. అక్షరాలు కుదురుగా నిలబడవంటాడు. అదే నేను చదివి వినిపిస్తే ఒక్కసారికి పట్టేస్తాడు."

నేను దాచే మనిషిని కాను. ఆయన దగ్గరికెళ్లి, ఈ ఇల్లు తీసుకుని ఈ బళ్లో వెయ్యండి, వాడికి ఇదే నయం అని మొహానే చెప్పాను. ఆయన నవ్వి లాప్‌టాప్ నావైపు తిప్పాడు. "మేడం, వీడు నెమ్మది కాబట్టే మంచి బడి కావాలి. అందరినీ పాస్ చేయించే బడి వీణ్ణి మాత్రం వదిలేస్తుందా? నెమ్మదిగా చదివేవాళ్లు అక్కడా ఉంటారుగా. వాళ్లు కూడా పాసైతేనే కదా నూరొచ్చేది" అన్నాడు.

ఆలోచించి చూడండి, ఈ మాటకి మీ దగ్గరైనా జవాబు ఉంటుందా? ఆ తండ్రి పరువు కోసం ఆ బడి ఎంచుకోలేదు. కొడుకు మీద బెంగతో ఎంచుకున్నాడు.

మెసైమీర్‌లో ఇరుకు ఫ్లాటు తీసుకున్నారు. ఆయన తెల్లారకుండా డ్యూటీకి బయల్దేరేవాడు, ఊరు ఈ చివర్నించి ఆ చివరికి. నన్ను గృహప్రవేశానికి పిలిచి పాలు పొంగించారు. అడ్మిషన్‌కి కంపెనీ తరపు ఉత్తరాలు నేనే తీసుకెళ్లి ఇచ్చాను కాబట్టి ఆ బడి ఆఫీసు వాళ్లకి నేను తెలుసు. సీటు వచ్చిన రోజు ఆయన మొహం చూడాలి. "ఇల్లు అలకగానే పండగ కాదు లెండి, ఇంక చదవాలి" అన్నాడు గానీ పండగంతా ఆ మొహంలోనే ఉంది.

ఆ పిల్లాడి గురించి ఒక ముక్క చెప్పకపోతే మీకు వాడు కనిపించడు. వాడు మనుషుల మాట పట్టేవాడు. వారం తిరక్కుండా తమ్ముడి జగిత్యాల యాస మొత్తం నోట్లో వేసుకున్నాడు. సామాన్లు దించడానికి వ్యాను వెళ్తే బాల్కనీలోంచి "ఏం అన్నా, యాడికి వోయినవ్? గింత లేటయింది ఏంది?" అని అరిచేవాడు. తమ్ముడు మురిసిపోయేవాడు. "మా ఊరి పిల్లగాడు లెక్కనే ఉన్నడు మేడం, వీళ్లమ్మకు సమజ్ గాదు" అనేవాడు. నన్నూ వదల్లేదు. నేను ఫోన్లో ప్లంబరు మీద ఎగరడం అచ్చంగా చేసి చూపించాడు. నాకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు.

తొమ్మిదికి వచ్చాక వాడి మాట తగ్గింది. ఒక రోజు తమ్ముడు బండి నడుపుతూ నాతో అన్నాడు. "బాబు ఇయ్యాల నాకు నకలు చేసి చూపెట్టిండు మేడం, వాళ్ల టీచరమ్మను. ఈ క్లాసుల ఒకళ్లిద్దరు ఉన్నరు, మన నూటికి నూరు ఖరాబు చేస్తరు అని అన్నదంట. అన్నా, ఆ ఒకళ్లు నేనే అని నవ్విండు."

"నవ్వాడా?"

"నవ్విండు మేడం. నాకే నవ్వు రాలే."

ఇంట్లో ఆవిడ చెయ్యాల్సిందంతా చేసింది. పొద్దుగూకాక చపాతీలు ఒత్తుతూ పాఠం పైకి చదివేది, వాడు పక్కన పీటమీద కూర్చుని తిరిగి చెప్పేవాడు. నేనొకసారి వెళ్లేసరికి భూగోళం నడుస్తోంది. వాడు నదులన్నీ తడుముకోకుండా అప్పజెప్పాడు. అదే కాగితం మీద పెట్టమంటే సగం ఖాళీ. పరీక్షలో పక్కన కూర్చుని రాసిపెట్టే మనిషిని ఇవ్వమని ఆవిడ బడికి వెళ్లి అడిగింది. డాక్టరు కాగితం తెమ్మన్నారు. తెచ్చింది. చూస్తామన్నారు. చూస్తూనే ఉన్నారు.

మార్చిలో కబురొచ్చింది, తల్లిదండ్రులిద్దరూ ప్రిన్సిపల్‌ని కలవాలని. ఆవిడ నాకు ఫోన్ చేసింది. "అక్కా, మీరూ వస్తారా? ఆ ఆఫీసులో మీ మాట వింటారు కదా" అంది. నాకు అంత సీను లేదని తెలిసినా వెళ్లాను.

ప్రిన్సిపల్ చాలా మర్యాదస్తురాలు. టీ తెప్పించింది. ఇంగ్లీషులో మాట్లాడింది, నేను తెలుగులో రాస్తున్నాను. "మీ అబ్బాయి మంచివాడు. కానీ పదో తరగతి మా దగ్గర తట్టుకోలేడు. రెండు దారులున్నాయి. ఇప్పుడే టీసీ తీసుకుంటే పదికి పాసైనట్టు రాసిస్తాం. మీ ఊళ్లో హాయిగా చేర్చుకోవచ్చు. లేదు ఇక్కడే ఉంచుతామంటే తొమ్మిదిలోనే ఆపేస్తాం" అంది.

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. వెళ్లిపోతే పాస్, ఉంటే ఫెయిల్. అవే మార్కులకి.

ఆవిడ బతిమాలింది. రాసే మనిషినిస్తే వాడు పాసవుతాడండీ, నోటితో అడిగి చూడండి, ఇప్పుడే పిలిచి ఏ పాఠమైనా అడగండి అంది. ప్రిన్సిపల్ తల ఊపుతూ వింది. వినడం అయ్యాక మళ్లీ ఆ రెండు దారులే చెప్పింది. ఆయన మాత్రం నోరు విప్పలేదు. టీ కప్పు వంక చూస్తూ కూర్చున్నాడు. మాట్లాడవేమయ్యా మగడా అని లోపల లోపల తిట్టుకున్నాను.

నాది గుంటూరు నోరు, ఇంక ఆగలేదు. "అమ్మా, మీ నూటికి నూరు ఇలాగే వస్తుందా?" అన్నాను.

ప్రిన్సిపల్‌కి కోపం రాలేదు. అదే నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. "మేడం, ఒక ఏడాది మా పిల్లలు ఇద్దరు తప్పారు. ఆ ఏడాది ఎంతమంది మా గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగి పక్క బడికి వెళ్లారో మీకు తెలియదు. మీ కంపెనీ నుంచే వచ్చేవాళ్లు మొదటగా అడిగేది ఏమిటి? అందరూ పాసయ్యారా అని. మా దగ్గర నెమ్మదిగా చదివే పిల్లల్ని ఎలా చూస్తారని ఇన్నేళ్లలో ఒక్కరైనా వచ్చి అడిగారా?" అంది.

ఒకావిడ అడిగింది. అడగాల్సిన చోట కాదు, ఒక ఖాళీ వంటింటి గుమ్మంలో, నన్ను అడిగింది. ఆవిడ నా పక్కనే కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

బయటికొచ్చి బండెక్కాం. తమ్ముడు అద్దంలోంచి చూసి, "ఏమైంది సార్? బాబు పాసయిండా?" అని అడిగాడు.

"పాస్ చేశారు" అన్నాడాయన. "అందుకే పంపించేస్తున్నారు."

తమ్ముడికి అర్థం కాలేదు. బండి కదిలాక ఆయన నాతో అన్నాడు. "మేడం, లోపల నేనెందుకు మాట్లాడలేదో తెలుసాండీ? ఆ ప్రిన్సిపల్ చెబుతున్నది నేను రోజూ చేసే పనే. పగులున్న శ్లాబుని ఫైనల్ తనిఖీకి ముందే యార్డులోంచి తీసేస్తాం. మిగిలినవన్నీ పాస్. మా యార్డుదీ నూటికి నూరే. ఆ లెక్క ఎలా వస్తుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? తెలిసి కూడా నాకు తట్టలేదండీ."

ముందు సీట్లోంచి ఆవిడ వెనక్కి తిరక్కుండానే అంది. "శ్లాబుకి అమ్మ ఉండదండీ."



ఊరుకోలేదు మేము. మదీనత్ ఖలీఫా దగ్గరున్న ఆ మధ్యాహ్నం బడికి నేనే పరుగెత్తాను. వాళ్లు నిజంగానే జాలిపడ్డారు. కానీ తొమ్మిదిలో ఒక బడి నుంచి బోర్డులో పేరు చేరాక, పదిలో బడి మారాలంటే గట్టి కారణం చూపించాలట. దేశం మారితే అది కారణమట. వీధి మారితే కాదట. నాకు ఒళ్లు మండిపోయింది. ఒకే ఊళ్లో ఆ బళ్లోంచి ఈ బళ్లోకి పిల్లాడు రాకూడదు గానీ, సముద్రం దాటి తండ్రిని వదిలి కాకినాడ పోతే ఎవరికీ అభ్యంతరం లేదు. తొమ్మిదిలోనే ఇంకో ఏడాది ఉంచుదామా అని ఆయన అన్నాడు. ఉంచినా ఏడాది తిరిగాక మళ్లీ ఇవే రెండు దారులు ముందు పెడతారని ఆవిడకి తెలుసు. పిల్లాణ్ణి అడిగారు. "పోదాం అమ్మా" అన్నాడట వాడు.

కుటుంబం వెళ్లిపోతే ఫ్యామిలీ ఫ్లాటు కంపెనీకి అప్పజెప్పాలి, అది రూలు. మెసైమీర్ ఇంటికి తాళాలు పుచ్చుకోవడానికి నేనే వెళ్లాను. ఆవిడ పొయ్యి తోమి, సింకు తోమి, కిటికీలు కూడా తుడిచి పెట్టింది. నేను చూసి రాసుకోవడానికి ఒక్క మరక లేదు. బాల్కనీలో కుండీలో కరివేపాకు మొక్క ఒకటి, ఆ ఎండలో ఎంత ముద్దు చేసి పెంచిందో, తమ్ముడి చేతిలో పెట్టింది. "మీ లేబర్ క్యాంప్‌లో నీళ్లు పోస్తావా తమ్ముడూ" అంది. "నా పిల్లలెక్క చూసుకుంట అక్కా" అన్నాడు వాడు. పిల్లాడు బ్యాగు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వాడి చేత ఒక మాట అనిపించాలని, "ఏరా, మా తమ్ముణ్ణి ఓసారి చేసి చూపించు" అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు.

ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లింది మా వ్యానే. వాళ్లు లోపలికి వెళ్లాక ఆయన్ని అటునుంచి అటే అల్ దోహా అల్ జదీదాలో బ్యాచిలర్ రూముకి తీసుకెళ్లి దించాం. ఒక గదిలో నలుగురు. ఆయన మంచం కిటికీ పక్కన. మెసైమీర్ ఫ్లాటు కోసం అప్పటికే ఇంకో కుటుంబం అడుగుతోంది. ఆ బడికి దగ్గరని.

ఏడాది గడిచింది. కరివేపాకు మొక్క వేసవికి తట్టుకోలేదు, తమ్ముడు ఆ సంగతి ఆయనకి చెప్పొద్దని నన్ను బతిమాలాడు. మే నెలలో ఒక రోజు మా ఆఫీసుకి లడ్డూల డబ్బా వచ్చింది. ఆ బడి వాళ్లు పంపారు. పదిలో మళ్లీ నూటికి నూరు. మా కంపెనీ పిల్లలు అక్కడ చాలామంది చదువుతారని ఏటా పంపేవారు. అది బల్లమీద అలాగే ఉంది, నాకు మూత తీయబుద్ధి కాలేదు.

ఆ రోజే ఆయన వచ్చాడు. రూములో ఏసీ పనిచెయ్యట్లేదని చెప్పడానికి. చిక్కిపోయాడు. కూర్చుని డబ్బా వంక చూసి, "ఏంటండీ ఇది?" అన్నాడు. నేను డబ్బా పక్కకి జరపబోతుంటే, బండి తాళాల కోసం వచ్చి నిలబడ్డ తమ్ముడే చెప్పేశాడు. "ఆ స్కూలోళ్లు పంపిన్రు సార్. అందరు పాసయిన్రంట."

ఆయన మూత తీసి ఒక లడ్డూ తీసుకున్నాడు.

"మావాడూ పాసయ్యాడండీ" అన్నాడు. "అదే బోర్డు, అదే పరీక్ష, ఇవాళే ఫలితాలు. మా ఊళ్లో చిన్న బడి. హెడ్మాస్టరు వాడికి రాసిపెట్టే మనిషిని ఇప్పించాడు. వాడు చెప్పాడు, ఆ మనిషి రాశాడు. గొప్ప మార్కులేం కావు. పాసయ్యాడు."

నాకు కళ్లనీళ్లు వచ్చేశాయి. సంతోషమనే అనుకున్నాను ముందు.

"వాడు ఇక్కడే రాసి ఉన్నా వాళ్ల నూరు నూరుగానే ఉండేదండీ" అన్నాడాయన.

తమ్ముడు బయటికి వెళ్లిపోయాడు. నేను కళ్లు తుడుచుకుని, అయితే ఇంకేం, పదకొండుకి తీసుకొచ్చెయ్యండి, మదీనత్ ఖలీఫాలో ఆ పోర్షన్ మళ్లీ ఖాళీ అయింది, పై వాళ్లతో నేను మాట్లాడతాను, ఆ మధ్యాహ్నం బడి వాళ్లని నేనే అడుగుతాను అని గబగబా చెప్పుకుపోయాను. ఇళ్లు చూపించేదాన్ని, నాకు వచ్చింది అదొక్కటే కదా.

ఆయన చివరిదాకా విన్నాడు.

"పొద్దున అదే అడిగానండీ వాణ్ణి. అప్పటికే ఇక్కడి పాత క్లాసు పిల్లలు వాడికి ఫోన్ చేసినట్టున్నారు. రానన్నాడు. ఇది వేరే బడిరా, మంచి బడి అని కూడా చెప్పాను." చేతిలో లడ్డూ ఇంకా కొరకలేదు. "అక్కడ నేను లేననే కదా నాన్నా అందరూ పాసయ్యారు, మళ్లీ నేనొచ్చి పాడుచెయ్యడం ఎందుకు అన్నాడు."

నేను ఏసీ కంప్లయింటు రాసుకున్నాను. రూము నంబరు రెండోసారి అడగాల్సి వచ్చింది.